సిగ్గుపడవలసిన జబ్బు కాదు



మిరపకోతల కాలంలో గట్టుమీద కూర్చున్నప్పుడు నడుము నొప్పి, చేతుల మంట ఒకరికొకరం చెప్పుకుంటాము. కాని రహస్య భాగంలో దురద, మంట, తెల్లబట్ట ఉంటే తోడికోడలికి కూడ చెప్పము. వేడి చేసిందనో, ఎముకలు కరిగిపోతున్నవనో అనుకొని నెలల తరబడి ఓర్చుకుంటాము. ఎముకలు కరగడం వల్ల తెల్లబట్ట రాదు.

ఈ బాధకు తరచు కారణమయ్యేది కాండిడా అనే ఈస్ట్. ఇది కంటికి కనిపించని బూజు జాతి సూక్ష్మజీవి. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ శరీరంలో కూడ కొద్దిగా ఉంటుంది. హద్దుమీరి పెరిగినప్పుడే బాధ. నలుగురు స్త్రీలలో సుమారు ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఇది వస్తుందని వైద్యుల అంచనా. ఆదివారం ఆరాధనలో మీ చాప మీద కూర్చున్నవారిని తలంచుకోండి. మీరు ఒంటరివారు కారు.

ఇది నడవడిని బట్టి వచ్చే జబ్బు కాదు. భర్త భార్యను గాని, భార్య భర్తను గాని అనుమానించవలసిన పని లేదు. గర్భము, అదుపులో లేని షుగరు, జ్వరానికో దగ్గుకో వాడిన యాంటిబయోటిక్ మందులు దీనికి ముఖ్య కారణాలు. చెమటతో తడిసిన లోబట్టలతో రోజంతా ఉండడం కూడ దీనిని పెంచుతుంది.

విరిగిన పాలవలె తెల్లగా, ముద్దగా, వాసన లేకుండా పోతూ విపరీతమైన దురద ఉంటే ఇది కావచ్చు. పసుపు లేక ఆకుపచ్చ రంగు, దుర్వాసన, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే అది వేరే జబ్బు. దాని మందు కూడ వేరు. కనుక మందుల షాపులో అడిగి తెచ్చుకొనక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి. క్లోట్రిమజోల్ లోపల ఉంచుకొనే మాత్రలతో గాని, ఫ్లూకోనజోల్ మ్రింగే మాత్రతో గాని చాలమందికి నయమవుతుంది. గర్భిణులు మ్రింగే మాత్ర తమంతట తాము వాడరాదు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే షుగరు పరీక్ష తప్పక చేయించుకోండి.

లోపల సబ్బుతో, డెటాల్‌తో కడగవద్దు. మన ప్రాంతం ప్రత్తికి పెట్టింది పేరు. నూలు లోబట్టలే కట్టుకోండి. వాటిని చీర చాటున, చీకటి మూలన కాక, ఎండలో ఆరవేయండి.

1883లో అమెరికానుండి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారు ఇక్కడి స్త్రీలకు వైద్యం చేయడానికే తన జీవితం ధారపోశారు. ఆమె పనికి ఫలంగా 1898లో గుంటూరులో మిషను ఆసుపత్రి తెరువబడింది. 1930లో ఆమె మరణించేవరకు ఆ సేవ సాగింది. ఆ రోజుల్లో మగ వైద్యుని ఎదుట నోరు విప్పలేని తల్లులకు ఆమె దిక్కయ్యారు. నేడు ఊరిలోనే ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఉన్నారు. వారైనా ఆడవారే గదా! వారితో చెప్పండి.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని జ్ఞాపకం చేసుకోండి. ఆమె కూడ గుంపులో దాగి, వెనుకనుండి వచ్చింది. అయితే చివరకు వణకుచునే ప్రభువుతో సంగతంతా చెప్పింది. ప్రభువు ఆమెను అసహ్యించుకొనలేదు. కుమారీ అని పిలిచి సమాధానముతో పంపివేశాడు.

తల్లులారా, మీ కుమార్తెలు, కోడళ్లు ఇటువంటి మాట చెప్పబోతే గద్దించకండి. కూర్చోబెట్టుకొని వినండి. రేపే ఆసుపత్రికి తోడు వెళ్లండి.