రాత్రి రెండు గంటల వైద్యం

నేను ఈ వసతిగృహంలో ఆరు నుంచి పది వరకు చదివాను. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. (మగవాడివి నర్సువేమిటని ఇప్పటికీ అడుగుతుంటారు, అది వేరే వ్యాసం.) వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సార్ అడిగారు. చదువు గురించి, క్రమశిక్షణ గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నాకు తెలిసినవి రాత్రులు.

మేము ఎనిమిదో తరగతిలో ఉండగా, వర్షాకాలంలో ఒక రాత్రి నా పక్కన పడుకున్న స్నేహితుడికి కడుపునొప్పి వచ్చింది. అప్పుడు మంచాలు లేవు. ట్రంకు పెట్టెలు గోడవారన పెట్టుకుని నేల మీదే వరసగా పడుకునేవాళ్లం. 108 ఇంకా రాని రోజులవి. వాచ్‌మన్ తాత వాణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టి దగ్గరలోని ఆసుపత్రికి నడిపించాడు, పడిపోకుండా నేను వెనక పట్టుకున్నాను. బోర్డు మీద '24 గంటల వైద్యం' అని ఉంది. అబద్ధం కాదు, తలుపు తీశారు. తిన్నది పడలేదని చెప్పి ఒక ఇంజెక్షన్ వేసి పంపేశారు. చీటీ మీద పేరు తప్ప ఏమీ రాయలేదు. తెల్లవారేసరికి వాడు కనురెప్పలు ఎత్తలేకపోయాడు, మాట ముద్దగా వచ్చింది. పెద్దాసుపత్రిలో డాక్టరుగారు చూడగానే "నేల మీద పడుకున్నాడా?" అని అడిగారు. కట్లపాము కాటు. కొన్నాళ్లు యంత్రంతో ఊపిరి తీసి బతికాడు.

కట్లపాము రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది. వాపు, నొప్పి పెద్దగా ఉండవు, ఒక్కోసారి గాటు కూడా కనిపించదు. కడుపునొప్పి, వాంతులు, తర్వాత రెప్పలు వాలడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. అందుకే అర్ధరాత్రి కడుపునొప్పితో వచ్చిన పిల్లవాణ్ణి ఎక్కడ పడుకున్నావని అడగాలి. ఆ ప్రశ్నకు పైసా ఖర్చు లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న 108 మొదలయ్యాక ఎన్నో ప్రాణాలు నిలిచాయి, ఆ మాట కాదనను. అయితే ఎన్ని నిమిషాల్లో వచ్చిందన్నదే మనం లెక్కపెడతాం. అంబులెన్స్ రోగిని దింపాక ఆ లెక్క ఆగిపోతుంది. నా దృష్టిలో అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. ఆ వేళ మేలుకొని ఉన్నది ఎవరు? డాక్టరుగారిని ఎప్పుడు లేపాలో వాళ్లకు తెలుసా? లేపితే కసురుకుంటారని భయమా? విరుగుడు మందు ఉన్న గది తాళం ఎవరి దగ్గర ఉంది? రాత్రి ఇంటికి పంపినవాళ్లలో ఎందరు మర్నాడు తిరిగి వచ్చారు? ఈ చివరి ప్రశ్న మనవాళ్లు అడగడం నేను ఎక్కువగా చూడలేదు.

డబ్బున్న దేశాలైనా దీనికి మినహాయింపు కాదు. 2008 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో, క్లినిక్కులు మూసిన వేళల్లో ఇళ్లకు వెళ్లి చూసే సేవలో, జర్మనీ నుంచి వచ్చిన ఒక డాక్టరు మొదటి డ్యూటీలోనే నొప్పి తగ్గించే మందును పది రెట్లు ఎక్కువ ఇచ్చాడు. 70 ఏళ్ల రోగి చనిపోయాడు. విచారణలో తేలిందేమిటంటే, అదే సేవలో అలాంటి పొరపాట్లు అంతకుముందు ఏడాదే రెండు జరిగాయి. వాటి నుంచి ఎవరూ నేర్చుకోలేదు.

నర్సులను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఒక గదిలో కాన్పు, మరో గదిలో ఫిట్స్, ఉన్నది ఒక్కరు. నేనే ఒకసారి నిద్రమత్తులో మందు మోతాదు తప్పు రాశాను. పక్క సిస్టర్ పట్టుకుంది, రోగికి ఏమీ కాలేదు. ఆ సంగతి రిజిస్టర్‌లో రాస్తే, పొద్దున పై సిస్టర్ "ఎవరికీ ఏమీ కాలేదు కదా, ఎందుకు రాశావు?" అన్నారు. శిక్ష పడుతుందంటే ఎవరు రాస్తారు? పాముకాట్లన్నీ తప్పక నమోదు చేయించాలని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలను కోరింది. మంచిదే. కడుపునొప్పి అని రాసి పంపేసిన కాటు మాత్రం అందులోకి రాదు.

తమ్ముళ్లారా, ఈసారి వచ్చినప్పుడు వార్డెన్ సార్ గదిలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి వెళ్లాను. ఏ రాత్రి ఎవరికి బాగోలేదు, ఎన్ని గంటలకు ఎక్కడికి తీసుకెళ్లారు, ఎవరు చూశారు, ఏం ఇచ్చారు, మర్నాడు ఎలా ఉన్నాడు అని ఐదు గడులు గీశాను. ఓపీ చీటీ పక్కనే అంటించండి. నేల మీద పడుకునేవాళ్లు దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. రాత్రి ఆసుపత్రికి వెళ్తే, ఎక్కడ పడుకున్నారో వాళ్లు అడగకపోయినా మీరే చెప్పండి.