సాహసం వేరు, తొందరపాటు వేరు

పిల్లలూ! మీలో కొందరు టీవీలో 'రెస్క్యూ బాట్స్' అనే కార్టూను చూసే ఉంటారు. అందులో నాలుగు మరమనుషులు ఉంటాయి. ఒకటి ఫైరింజను, ఒకటి పోలీసు కారు, ఒకటి బుల్డోజరు, మరొకటి హెలికాప్టరు. ఆపదలో ఉన్నవాళ్ళను కాపాడటమే వాటి పని. కొన్నాళ్ళకు బ్లర్ అనే కొత్తవాడు వచ్చి చేరతాడు. వాడు పందెం కారు. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే ఉరుకుతాడు. ఆగమంటే ఆగడు. అందుకే మీకు వాడంటే ఇష్టం కూడా!

కార్టూను చూడవద్దని నేను చెప్పను. అయితే ఒక్క మాట. కథలో తొందరపాటుకు పడే శిక్ష చాలా చిన్నది. ఇరవై నిమిషాల్లో అందరూ క్షేమంగా ఇల్లు చేరతారు. నిజంగా ప్రమాదం జరిగినచోట అలా ఉండదు. అక్కడ మరమనుషులు ఎలా పనిచేస్తాయో చూద్దాం.

తెలంగాణలో నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం ఉంది. 2025 ఫిబ్రవరి 22న ఆ సొరంగం పైకప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. ఆ చోటు ముఖద్వారం నుంచి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఉంది. అంతా బురద, రాళ్ళు, విరిగిన యంత్రపు ఇనుము. పైగా ఆగకుండా ఊరే నీరు. సైన్యం వచ్చింది. జాతీయ విపత్తు స్పందన దళం వచ్చింది. సింగరేణి గని కార్మికులు వచ్చారు. కేరళ నుంచి పోలీసు కుక్కలు వచ్చాయి. వచ్చినవాళ్ళలో ఒక్కరికీ ధైర్యం తక్కువ లేదు. అయినా చివరి కొన్ని పదుల మీటర్లలో పైకప్పు మళ్ళీ కూలవచ్చని తెలిసినప్పుడు మనుషులను ముందుకు తోయలేదు. మార్చి నెలలో మరమనుషులను తెప్పించారు.

ఇటువంటి యంత్రాలు కార్టూనులో బొమ్మలా ఉండవు. చాలావరకు పట్టాల మీద నడిచే చిన్న ట్యాంకులాగా ఉంటాయి. ముందు కెమెరా, దీపం, వాయువులను పసిగట్టే సాధనం ఉంటాయి. వెనుక పొడవాటి కేబులు ఉంటుంది. కేబులు ఎందుకంటారా? రేడియో తరంగాలు మందపాటి రాతినీ కాంక్రీటునూ దాటి సరిగా పోలేవు. అందుకని తీగ కట్టి పంపుతారు.

జపానులో 2011లో సునామీ వచ్చి ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతిన్నది గదా! రేడియేషను వల్ల మనుషులు పోలేని గదుల్లోకి 'క్విన్స్' అనే మరమనిషిని పంపారు. అది ఎంతో సమాచారం తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో లోపల దాని కేబులు తెగింది. అది అక్కడే మిగిలిపోయింది.

ఇక్కడే అసలు సంగతి ఉంది. మరమనిషిని ముందు పంపేది దానికి ధైర్యం ఎక్కువని కాదు. అది పోయినా ఏ ఇంట్లోనూ ఏడుపు ఉండదు, అందుకని. మరి మీరు పోతే?

మన పల్లెల్లో పాత బావుల దగ్గర జరిగే ఘోరం మీరు వినే ఉంటారు. పూడిక తీయడానికి ఒకడు దిగుతాడు, పడిపోతాడు. వాణ్ణి పైకి తేవాలని తమ్ముడు దిగుతాడు. తమ్ముడి కోసం పక్కింటివాడు దిగుతాడు. ముగ్గురూ తిరిగిరారు. కారణం కంటికి కనపడదు. బొగ్గుపులుసు వాయువు గాలికంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. అది బావి అడుగున చేరి ఉంటుంది. అక్కడ ప్రాణవాయువు చాలదు. మురుగు గుంటల్లోనైతే హైడ్రోజన్ సల్ఫైడు కూడా ఉంటుంది. అది ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన లేదుగదా అని దిగినవాడు పోతాడు.

బావిలోకి లాంతరు దింపి చూడాలని పెద్దలు అనేవారు. దీపం ఆరిపోతే దిగరాదు. ఆ ఆలోచన మంచిదే. కాని దీపం వెలిగినంతమాత్రాన విషవాయువు లేదని చెప్పలేం. మురుగు గుంటలో మండే వాయువు ఉంటే దీపమే ప్రమాదం తెస్తుంది. అందుకే నేడు వాయువులను కొలిచే సాధనం వాడతారు. మనిషి కంటే ముందు సాధనాన్ని దింపడం అన్న ఆలోచన మాత్రం పాతదే. నేటి మరమనిషి ఆ లాంతరుకు మనవడు!

"మాస్టారూ, అందరూ ఆగి ఆలోచిస్తూ కూర్చుంటే లోపలివాళ్ళు చచ్చిపోరా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆగడమంటే చేతులు కట్టుకోవడం కాదు. 2023 నవంబరు 12న ఉత్తరాఖండులోని సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది చిక్కుకున్నారు. గొట్టాల ద్వారా గాలి, తిండి పంపుతూ వాళ్ళను బ్రతికించారు. పెద్ద తవ్వకం యంత్రం మధ్యలో విరిగింది. అప్పుడు ఇరుకు బొరియల్లో తవ్వడం ఎరిగిన కార్మికులు ఆఖరి కొద్ది మీటర్లు చేతులతో తవ్వారు. నవంబరు 28న 41 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. యంత్రం ఓడినచోట మనిషి గెలిచాడు. అయితే గెలిచింది ఉరికినవాడు కాదు, ఆ పని తెలిసినవాడు.

శ్రీశైలం సొరంగంలో అలా జరగలేదు. ఎనిమిదిమందిలో ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయారు. ఇది చాలా బాధాకరం. కాని తొందరపడి మరో పదిమందిని పోగొట్టుకుంటే ఆ బాధ తగ్గేదా?

మన కావలి వాళ్ళకు ఆగడం విలువ చెప్పనక్కరలేదు. 1989 నవంబరు 9న మన తీరాన్ని తాకిన పెనుతుపానును కావలి తుపాను అనే అంటారు. తుపాను నడిమధ్య 'కన్ను' ఉంటుంది. అది నెత్తిమీదికి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా తగ్గుతుంది. తుపాను పోయిందనుకొని కొందరు బయటికి ఉరుకుతారు. కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్ళీ ప్రచండమైన గాలి కొడుతుంది. ఆ సంగతి తెలిసినవాడు ఇంట్లోనే ఉంటాడు. వాడు పిరికివాడా? కాదు, తెలిసినవాడు.

కనుక ఇవి గుర్తుంచుకోండి. తుమ్మలపెంట సముద్రంలోగాని, చెరువులోగాని ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకండి. గట్టిగా కేక వేసి పెద్దలను పిలవండి. గట్టునే నిలబడి తాడో, పొడవాటి కర్రో అందించండి. ఖాళీ బిందె, లారీ ట్యూబు వంటి తేలే వస్తువేదైనా విసరండి. బావిలో ఎవరైనా పడిపోతే వెనుక ఎవరినీ దిగనివ్వకండి. 101కి గాని, 112కి గాని ఫోను చేయండి. ఫోను చేసిన పిల్లవాడికి కార్టూనులో చప్పట్లు దొరకవు. కాని మునిగేవాడికి కావలసింది పక్కన మునిగే మరొకడు కాదు, గట్టుమీద బుద్ధిగా నిలబడినవాడు.