మొగల్తూరు రెబల్

మొగల్తూరు అనగానే ఇవాళ ఎవరికైనా కృష్ణంరాజు, చిరంజీవి గుర్తొస్తారు. అందులో ఒకాయనకైతే రెబల్‌స్టార్ అన్న బిరుదే ఉంది. నన్నడిగితే ఆ ఊరి అసలు రెబల్ పార్వతీశం.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టర్ పార్వతీశం’ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. సముద్రం దాటినవాణ్ణి వెలివేసే రోజులు అప్పటికింకా పూర్తిగా పోలేదు. మన నరసాపురం టేలర్ హైస్కూల్లో చదువుకున్న మొగల్తూరు కుర్రాడు బారిస్టరు కావాలని ఇంగ్లండు బయల్దేరతాడు. పడవ మీద నిడదవోలు, రైల్లో మద్రాసు. అక్కడ షాపులో దర్జాగా ఒక టోపీ కొంటాడు. అది దొరసానులు పెట్టుకునేదని మనవాడికి తెలీదు. దాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతుంటే జనం నవ్వుతారు. ఎందుకు నవ్వుతున్నారో అతనికి అంతుపట్టదు. ఇదంతా ఇంకొకరు చెప్పిన కథ కాదు, తన పరువు తనే తీసుకుంటూ పార్వతీశమే చెబుతాడు.

లోకానికి ఎదురుతిరిగే పాత్రలు మన సాహిత్యంలో చాలానే ఉన్నాయి. ‘కన్యాశుల్కం’ గిరీశం ధిక్కారమంతా లెక్చర్లలోనే. పూటకూళ్ళమ్మ చీపురు పట్టుకొస్తే మంచం కింద దూరతాడు. చలంగారి ‘మైదానం’ రాజేశ్వరిది నిజమైన తెగింపు. ఆమెను దొంగచాటుగా చదివి, మళ్ళీ గుట్టుగా కాపురాలు చేసుకున్నవాళ్ళే ఎక్కువ. ఇలాంటివాళ్ళు మన బదులు తిట్లు తింటారు కాబట్టే మనకి ముద్దొస్తారని అంటుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

పార్వతీశం సంగతి వేరు. అతను ఎవర్నీ ధిక్కరించడు. మొగల్తూరులో చెల్లింది లండన్‌లోనూ చెల్లుతుందని నమ్ముతాడంతే. దొరల మధ్య నిలబడి కూడా తను తక్కువవాణ్ణని అతనికి తోచదు. దొరతనం చూసి నోళ్ళు పెగలని కాలంలో, ఉపన్యాసం ఇవ్వకుండానే అంత ధీమాగా నిలబడ్డవాడు ఇంకొకడు కనిపించడు.

రెండు, మూడు భాగాల్లో మనవాడు కుదుటపడతాడు. బారిస్టరవుతాడు, స్వాతంత్ర్యోద్యమంలోకీ వెళతాడు. గౌరవించదగ్గ మనిషే. కానీ పదిమంది చేరినచోట కబుర్లలోకి వచ్చేది మాత్రం టోపీ పార్వతీశమే. పెద్దమనిషయ్యాక అతన్ని ఎవరూ అంతగా తలుచుకోరు. రచయితకిది కష్టంగానే ఉండి ఉండాలి.

ఇప్పుడు విదేశం వెళ్ళే కుర్రాడికి వీసా ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకి ఏం చెప్పాలో, చొక్కా ఏ రంగుదైతే బావుంటుందో కన్సల్టెన్సీవాళ్ళే నేర్పి పంపుతున్నారు. పొరపాటు పడే సందే లేదు. అందరూ ఒకే అచ్చులో దిగినట్టుంటారు. మంచిదే, ఉద్యోగాలు రావాలిగా!

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఏడాది విమానం ఎక్కుతుంటే, సూట్‌కేసులో ఆవకాయ పక్కన మొదటి భాగం ఒకటి పెట్టి పంపండి. మిగతా రెండూ తీరిగ్గా తర్వాత చదువుకోవచ్చు.