స్టడ్డా, బోల్టా?

ఢిల్లీలో ఇండియా గేటు వద్ద మొదలై గోల్ డాక్‌ఖానా వైపు సాగే అశోకా రోడ్డు తెలుగువారికి సుపరిచితం; ఆంధ్రా భవన్ ఉన్నది ఆ వీధిలోనే. మంత్రులను, శాసనసభ్యులను ఆ గేటు ముందు దించే తెల్లని అంబాసిడర్లు దశాబ్దాల పాటు ఆ రోడ్డుకు ఒక అలంకారం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఈ రెండు కార్లకూ పైకి కనిపించే తేడాలను పసివాడైనా చెప్పగలడు. బానెట్ ఎత్తినవారికి మాత్రమే తెలిసే తేడా మరొకటి ఉన్నది. ఇంజను మూతను, అనగా సిలిండర్ హెడ్‌ను, కింది బ్లాకుకు అంబాసిడర్‌లోని 1,489 సి.సి. పాత బ్రిటిష్ ఇంజనులో స్టడ్లతో బిగించారు. మారుతిలో బోల్టులతో బిగించారు. పందేల కొరకు ఇంజను తయారుచేసేవారిని వేధించే ప్రశ్న సరిగ్గా ఇదే.

బోల్టుకు తల ఉంటుంది. ఆ తలను పట్టి తిప్పితే అది బ్లాకులోని మరలలోకి దిగుతుంది. స్టడ్డుకు తల లేదు. రెండు కొనలకూ మరలు కోసిన ఉక్కు కడ్డీ అది. ఒక కొనను బ్లాకులోకి ఎక్కించి, పైనుంచి హెడ్‌ను దించి, రెండవ కొనకు నట్టు బిగిస్తారు.

అంబాసిడర్ సిలిండర్ వ్యాసం సుమారు 73 మిల్లీమీటర్లు. ఇంధనం మండినప్పుడు చదరపు సెంటీమీటరుకు 50 కిలోల ఒత్తిడి పుట్టినదనుకుంటే, ఒక్క సిలిండర్ నుంచే హెడ్‌ను పైకి నెట్టే బలం రెండు టన్నులు దాటుతుంది. టర్బో అమర్చితే అది ఇంకా పెరుగుతుంది. హెడ్ వెంట్రుకవాసి లేచినా చాలు, గాస్కెట్ కాలిపోతుంది. నెలల శ్రమ ఒక్క చుట్టులో ఆవిరైపోతుంది.

హెడ్‌ను అదిమిపట్టేది నిజానికి సాగిన ఉక్కు. బోల్టు అయినా, స్టడ్డు అయినా బిగించినప్పుడు అతి స్వల్పంగా సాగి, స్ప్రింగు వలె వెనుకకు లాగుతుంది. టార్క్ రెంచి కొలిచేది ఈ సాగుదలను కాదు, తిప్పే ప్రయత్నాన్ని. ఆ ప్రయత్నంలో నూటికి దాదాపు 90 వంతులు రాపిడికే ఖర్చవుతాయి. అందువలన మరలకు నూనె రాసినదీ లేనిదీ అనే చిన్న విషయం లెక్కనంతా తారుమారు చేయగలదు. బోల్టు తిరుగుతూనే సాగాలి కనుక మెలిపడుతుంది. పైగా విప్పి బిగించిన ప్రతిసారీ బ్లాకులోని మరలను అరగదీస్తుంది. స్టడ్డు నిలిచి ఉంటుంది, తిరిగేది నట్టు. మెలి చాలావరకు తప్పుతుంది, బ్లాకు మరలకు ఆయుష్షు పెరుగుతుంది. తరచుగా విప్పే పందెపు ఇంజనుకు ఇది చిన్న లాభం కాదు.

అయితే స్టడ్డు ఉన్నంత మాత్రాన అంబాసిడర్ పందెపు గుర్రం కాలేదు! ఇరుకైన బానెట్ కింద స్టడ్ల పొడవునా హెడ్‌ను నిటారుగా ఎత్తడం కష్టం. తుప్పుపట్టి హెడ్ స్టడ్లకు కరచుకుంటే ఆ పాట్లు మెకానిక్కులకే తెలుసు. కర్మాగారంలో బోల్టు చౌక, త్వరిత మార్గం. మామూలు రోడ్డు మీద తిరిగే బండికి కంపెనీవారి కొత్త బోల్టులు పూర్తిగా చాలు. కొత్తవి అన్నమాట ముఖ్యం: తిరిగి స్వస్థితికి రానంతగా సాగేట్లు బిగించే బోల్టులు ఒక్కసారికే పనికివస్తాయి. వాటిని మళ్లీ వాడడం పిసినారితనం.

స్టడ్లనే ఎంచుకున్నవారు రంధ్రాలను శుభ్రం చేయాలి. అడుగున నూనె నిలిస్తే అది నలిగి బ్లాకునే పగులగొట్టవచ్చు. సాధారణంగా స్టడ్డును బ్లాకులోకి చేతితో ఎక్కిస్తే చాలు, బలంకొద్దీ బిగించకూడదు. నట్లను మధ్య నుంచి అంచులకు, విడతలుగా బిగించాలి.

అంబాసిడర్‌లో మరొక చిక్కు కూడా ఉన్నది. హెడ్ నట్లలో కొన్ని రాకర్ షాఫ్టును సైతం పట్టి ఉంచుతాయి. రాకర్లను మాత్రమే దింపదలచి ఆ కొన్నింటినే విప్పితే హెడ్ వంకరపోయే ప్రమాదం ఉన్నది. ముందు రేడియేటరులోని నీరు తీసివేసి, నట్లన్నింటినీ కొద్దికొద్దిగా వదులు చేయడమే దానికి పద్ధతి.