తాలుకాయల టిక్కీ వేరు

మా కళ్లంలో మిరపకాయలు ఎండాక అమ్మా, కూలికొచ్చిన ఆడవాళ్లూ కూర్చుని తాలుకాయలు ఏరతారు. ఎర్రకాయ ఒక టిక్కీకి, తాలు మరో టిక్కీకి. తాలును పారెయ్యరు, దానికీ ఓ ధర ఉంది. రెండూ కలిపి తొక్కితే మాత్రం గుంటూరు యార్డులో పరువు పోతుంది.

డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చదువుతుంటే నాకు ఈ కళ్లమే గుర్తొచ్చింది. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన ఈ సంస్థ 1997లో తన సామాజిక ఒడంబడిక రాసుకుంది. దాని ప్రకారం సాఫ్ట్‌వేర్ భాండాగారాన్ని లైసెన్సును బట్టి గదులుగా విడదీశారు. వాడుకోవడానికీ, మార్చుకోవడానికీ, పదిమందికి పంచడానికీ హక్కున్నది 'మెయిన్'. తాను స్వేచ్ఛగలదే అయినా బయటి సరుకు లేనిదే పనిచెయ్యనిది 'కాంట్రిబ్'. ఆ హక్కులు లేనిది 'నాన్-ఫ్రీ'. డెబియన్ అని లెక్కకొచ్చేది మొదటి గది ఒక్కటే. మన పోతన, వేమన ఫాంట్లు అందులో ఉన్నాయంటే వాటికి జీపీఎల్ లైసెన్సు ఉండబట్టే.

అంటే ఇక్కడ ఏరేది నాణ్యతను బట్టి కాదు, హక్కును బట్టి. నాన్నకి చెబితే చప్పున అందుకున్నాడు. "లాం ఫారం మిరప విత్తనం మన కాయల్లోంచే తీసి మళ్లీ పోసుకుంటాం. పత్తి హైబ్రిడ్డుకి ఏటా పాకెట్టు కొనాల్సిందే. అంతేగా?" అన్నాడు. దాదాపు అంతే. హైబ్రిడ్డు గుణం రెండో తరంలో నిలవదు కాబట్టి అక్కడ అడ్డొచ్చేది ప్రకృతి. ఇక్కడ అడ్డొచ్చేది కాయితం.

అయితే ఆదర్శం ఖరీదు నాకూ తగిలింది. మొదటి సంవత్సరంలో పత్తి డబ్బుల్తో కొన్న పాత లాప్‌టాప్‌లో, సీనియర్ ఇచ్చిన డెబియన్ 11 వేస్తే వైఫై పలకలేదు. దాని ఫర్మ్‌వేర్ నాన్-ఫ్రీ గదిలో ఉంది. ఆ గదిలోంచి తెచ్చుకోవాలంటే నెట్టు కావాలి. నెట్టుకి వైఫై కావాలి! రెండ్రోజులు తిప్పలుపడి, ఓ మిత్రుడి ఫోనుకి కేబుల్ తగిలించి గట్టెక్కాను.

2022లో డెబియన్ సభ్యులు ఓటేసి, అలాంటి ఫర్మ్‌వేర్‌ని అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చాలని తీర్మానించారు. 2023 జూన్‌లో డెబియన్ 12తో పాటు 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అనే నాలుగో గది వచ్చింది. ఆదర్శం మంటగలిసిందని అనేవాళ్లున్నారు. నేనలా అనుకోను. పల్లెటూరి నుంచి పాత కంప్యూటరుతో వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోతే, లోపల ఎంత స్వేచ్ఛ ఉండి ఏం లాభం? తాలును తాలని చెప్పటం ముఖ్యం. గది వేరుగా ఉన్నంతకాలం మనం దేనికి రాజీపడ్డామో కళ్లకి కనిపిస్తూనే ఉంటుంది. కనిపించే లోటును ఎవరో ఒకరు రేపు పూడుస్తారు. కలిపి తొక్కేసిన లోటును ఎవరు వెతుకుతారు?

మిత్రులారా, 'ఒప్పుకుంటున్నాను' అన్న మీట నొక్కేముందు ఒక్కసారి ఆ లైసెన్సు చదవండి. దస్తావేజు చదవకుండా పొలం కొంటామా?