రాష్ట్రపతికి ఒక కార్డు

1979 ఆగస్టు నెల చివరి రోజులు. గరిడేపల్లిలో బస్సులాగే చోట, టీకొట్టు బల్లమీద మా పెద్దనాయన పేపరు పరచుకుని కూర్చున్నాడు. ఆయన పేపరు చదవటమంటే పదిమందికీ వినిపించేటట్టు చదవటమే. ఆ రోజు మాత్రం మొదటి పేజీ అంతా మనసులోనే చదువుకుని, కళ్లజోడు తీసి, "పోస్టాఫీసుకు పోయి ఒక కార్డు పట్టుకరా, బిడ్డా" అన్నాడు.

"ఎవరికి పెద్దనాయనా?"

"రాష్ట్రపతికి!"

కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

సంగతేమిటంటే, జులైలో మొరార్జీ దేశాయి రాజీనామా ఇచ్చారు. రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు చరణ్ సింగును పిలిచి ప్రధానిని చేశారు. ఆ పెద్దమనిషి లోక్‌సభ ముఖం చూడకుండానే ఆగస్టు 20న దిగిపోయాడు. అప్పుడు జగ్జీవన్ రామ్, "నాకు బలముంది, నన్ను పిలవండి" అన్నారు. పిలవలేదు. ఆగస్టు 22న లోక్‌సభ రద్దయింది. జనతా నాయకులు మండిపడ్డారు. మా పెద్దనాయన కార్డు తెప్పించాడు.

సంజీవరెడ్డి గారు మావైపు వాళ్లకు కొత్తవారు కాదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ పని ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే ఊపందుకున్నది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీటితో వరి పండించుకునే రైతుకు ఆ పేరు మీద కొంత చనువుంటుంది. చనువున్న చోటే కోపమూ ఎక్కువ కదా!

అసలు ఆ మనిషిని జనం చూసిన తీరే చిత్రమైనది. 1969లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. ఆయన కాంగ్రెసు అభ్యర్థి. ఎదురు నిలిచినవారు వి.వి.గిరి గారు. ఇద్దరూ తెలుగువారే! ప్రధాని ఇందిరాగాంధీ 'అంతరాత్మ ప్రబోధం' ప్రకారం వోటు వెయ్యమన్నారు. పార్లమెంటు సభ్యులకు సంజీవరెడ్డి గారి నడతను తూలనాడుతూ ఒక కరపత్రం అందింది. అచ్చు వేసినవాడి పేరు లేదు. మన భాషలో ఆకాశరామన్న ఉత్తరమన్నమాట. లెక్క తేలేసరికి గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. ఆ ఎన్నిక చెల్లదంటూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆకాశరామన్న సంగతి అక్కడికీ వెళ్లింది. 1970లో గిరి గారు రాష్ట్రపతిగా ఉంటూనే వచ్చి సాక్ష్యం చెప్పారు. పిటిషను కొట్టివేశారు.

ఎనిమిదేళ్లు తిరిగేసరికి అదే మనిషికి పోటీయే లేదు. 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 తిరస్కరించారు. జీతంలో నూటికి డెబ్బై వదులుకుంటానన్నారు. పేపర్లు ఆకాశానికెత్తాయి. మా టీకొట్టు కూడా ఎత్తింది. రెండేళ్లకు దించింది.

ఇక్కడ నాకు ఒక బొమ్మ గుర్తుకు వస్తుంది. 1975 డిసెంబరులో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అబూ అబ్రహాం వేసిన కార్టూను. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ స్నానాల తొట్టిలో ఉండి, సంతకం పెట్టిన కాగితం అవతలివాడికి అందిస్తూ, ఇంకా ఆర్డినెన్సులుంటే కాస్త ఆగమనండి అంటుంటాడు. సెన్సారును దాటి ఎలా అచ్చయిందోగాని, ఆ ఒక్క బొమ్మ వంద సంపాదకీయాల పెట్టు. నా మట్టుకు నాకు అది న్యాయమైన బొమ్మే అనిపిస్తుంది. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ తొట్టిని చూసిన కళ్లతోనే జనం తరువాతి రాష్ట్రపతినీ చూశారు. చెప్పినచోట సంతకం పెడితే రబ్బరు ముద్ర. తన బుద్ధితో తాను నిర్ణయిస్తే పెత్తనం. పైగా ఆ కుర్చీలో కూర్చున్నవాడు పేపరుకు ఎదురు ఉత్తరం రాసుకోలేడు. మునిసిపల్ కౌన్సిలరుకున్న ఆ సుఖం దేశాధినేతకు లేదు!

కార్డు వెళ్లింది. అందులో రాసింది ఒకటే ముక్క: "జగ్జీవన్ రామ్ గారిని ఒక్కసారి పిలిచి, బలం చూపమంటే పోయేదేమిటి?"

కొన్నాళ్లకు మూడు సింహాల ముద్రతో ఒక కవరు వచ్చింది. ఇంగ్లీషులో రెండు పంక్తులు. బడిపంతులు చదివి, "మీ ఉత్తరం అందిందట" అని చెప్పాడు. అడిగిన దానికి జవాబు లేదు. అయినా ఆ కవరు ఊరంతా తిరిగింది. మా పెద్దమ్మ దాన్ని దేవుడి పటాల వెనుక దాచింది. టీకొట్టులో రాష్ట్రపతిని ఎవరైనా నోరు జారితే పెద్దనాయనే అడ్డుపడేవాడు. "మర్యాదగల మనిషయ్యా, జవాబిచ్చిండు" అనేవాడు. కోపాన్ని కవరు చల్లార్చింది గాని ప్రశ్న అలాగే ఉన్నది.

1982లో పదవి దిగి సంజీవరెడ్డి గారు అనంతపురం చేరారు. 1989లో తన జ్ఞాపకాలను ఇంగ్లీషులో పుస్తకంగా వేశారు. ఒక సెలవుల్లో దాన్ని పట్టుకెళ్లి, 1979 నాటి సంగతి వచ్చేచోట ఆపి, ఒక్కొక్క పేజీ తెలుగులో చెప్పాను. పెద్దనాయనకప్పటికి చూపు మందగించింది. చెవి మాత్రం బాగుంది. అంతా విన్నాడు.

"అయితే పదేండ్లకు జవాబొచ్చిందన్నమాట" అన్నాడు.

కాసేపాగి, "అయినా, పిలవాల్సింది" అన్నాడు.