ఈ ప్రశ్నకు ఎన్ని మార్కులు?



పేరెంట్స్ మీటింగ్‌లో మీలో కొందరు అడుగుతుంటారు: "సిలబస్‌లో లేనివాటికి టైం ఎందుకు మేడం?" ఫీజు కట్టేవారికి అడిగే హక్కు ఉంది. నా జవాబు కూడా ఒకసారి వినండి.

దొంగనోట్లు పట్టే లైటు కింద ఐదు వందల నోటు పెడితే దాని మీది నంబర్లు మెరుస్తాయి. మీద పడిన కాంతిని తీసుకొని వేరే రంగులో తిరిగి ఇవ్వడాన్ని ఫ్లోరోసెన్స్ అంటాం. ఒక రకం జెల్లీఫిష్‌లో ఇలాంటి ప్రోటీన్ ఉంది. నీలి కాంతి పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది.

జపాన్ శాస్త్రవేత్త ఒసాము షిమోమురా 1961లో అమెరికా తీరంలో వేల జెల్లీఫిష్‌లను పట్టి పరిశోధన చేస్తూ దీన్ని కనుగొన్నారు. మందుల కోసం ఆయన వెతకలేదు. జెల్లీఫిష్ ఎలా వెలుగుతుందో తెలుసుకోవాలనుకున్నారు, అంతే. 1992లో డగ్లస్ ప్రాషర్ ఆ ప్రోటీన్ జన్యువును వేరుచేశారు. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువుతో బ్యాక్టీరియానూ పురుగునూ వెలిగించి చూపారు. రోజర్ చెన్ మరిన్ని రంగులు తెచ్చారు. 2008లో షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు దాని ఉపయోగం చూడండి. ల్యాబ్‌లో ఒక వైరస్‌కు ఈ జన్యువును కలుపుతారు. అది సోకిన కణాలు పచ్చగా వెలుగుతాయి. టీకా వేయించుకున్న వ్యక్తి రక్తంలోని సీరం కలిపినప్పుడు వెలిగే కణాలు తగ్గితే, యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకుంటున్నట్టే. కరోనా ఆర్టీ-పీసీఆర్ యంత్రం చూసేదీ ఫ్లోరోసెన్స్‌నే, కాకపోతే అక్కడ వెలిగేది రసాయన రంగు. మన హైదరాబాద్ సీసీఎంబీలోనూ మెదడుకు సంబంధించిన సెరటోనిన్ గ్రాహకానికి ఈ ప్రోటీన్‌లోని పసుపు రకాన్ని జోడించి పరిశోధనలు చేశారు.

షిమోమురా ప్రశ్నకు ఆ రోజు ఎవరూ మార్కులు వేయలేదు. మన పిల్లల ప్రశ్నలను మాత్రం మార్కులతోనే తూస్తున్నాం. ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు వద్దని నేను అనను. వారానికి ఒక్క పీరియడ్ పిల్లల ప్రశ్నలకే వదలమని అడుగుతున్నాను.

నారాయణరావుపేట పొలం గట్టు మీద మిణుగురును చూసి మీ బాబో పాపో "ఇది ఎట్లా వెలుగుతుంది?" అంటే, "ముందు హోంవర్క్ చెయ్యి" అనకండి. మిణుగురు వెలుగుకు బయటి కాంతి అక్కర్లేదు, జెల్లీఫిష్ ప్రోటీన్‌కు కావాలి. ఆ తేడా ఎందుకో నోట్‌బుక్‌లో ప్రశ్నగా రాసి పంపండి. క్లాసులో అందరం కలిసి జవాబు వెతుకుతాం.